పిల్లలు ‘మేము’ అన్న రోజు

(మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ఉమ్రిలో చేసిన గురుజీ స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



ఈ ఊళ్లో గురుజీని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. నిజాం రోజుల్లో ఉర్దూలో చదువుకున్నారు. బతుకంతా మరాఠీలో పాఠం చెప్పారు. ఇంట్లో తెలుగు మాట్లాడారు. మూడు లిపులూ వచ్చిన మనిషి కాబట్టి చదువురాని తల్లులకు ఆయన అరుగే పోస్టాఫీసు. సాయంత్రం బడి వదిలాక కొంగున ఉత్తరం ముడేసుకుని వచ్చి నిలబడేవారు. కొడుకు ఎక్కడో దూరాన ఉంటాడు. ఉమ్రి స్టేషన్లో ఎటు పోయే బండెక్కితే అటే బతుకు. ఇటు ధర్మాబాద్, బాసర, నిజామాబాద్ మీదుగా సికింద్రాబాద్. అటు ముద్ఖేడ్, నాందేడ్ మీదుగా మన్మాడ్, అక్కణ్ణుంచి బొంబాయి.

ఆ ఉత్తరాలు చాలావరకు ఒక్క తీరుగానే ఉండేవి. మరాఠీ బడిలో నేర్పిన పద్ధతి ప్రకారం పైన ‘తీర్థరూప’ అంటూ తండ్రికి సంబోధన, కింద సాష్టాంగ నమస్కారం. తల్లి ఊసు చివర్లో ఒక్క వాక్యంలో ఉండేది. గురుజీ ఆ చివరి వాక్యాన్నే ముందు చదివేవారు. తల్లి ముఖం తేటపడ్డాక మిగతాది మొదలుపెట్టేవారు. పిల్లవాడిగా ఆ అరుగు మీద కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకుంటూ నేను చూసిన మొదటి మనస్తత్వ శాస్త్ర పాఠం అదే. తరవాత ఎన్నో ఏళ్లు కాలేజీలో ఆ శాస్త్రమే చెప్పాను. ఇవాళ ఆయన పేరిట మాట్లాడమన్నారు కనుక, ఆయన ఎత్తి చూపిన ఒక చిన్న మాట నుంచే మొదలుపెడతాను.

ఒక ఉత్తరం

1976లో నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. చదువుతున్నాను. నాతోపాటు చదివే అమ్మాయి ఒకామె ఉండేది. ఆమె ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె సంగతి నేను ఇంటికి రాయలేదు, రాసే ధైర్యం లేదు. పరీక్షలయ్యాయని, ఆరోగ్యం బాగుందని ఎప్పటిలాగే ఉత్తరం రాసి పోస్టులో వేశాను. మా అమ్మను అవ్వ అనేవాణ్ణి. అవ్వ దాన్ని గురుజీ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట ఆగారట.

“పోరడు ‘మేము’ అని రాసిండు. ఇన్నొద్దులు ‘నేను’ అని రాసేటోడు.”

మేము బాగున్నాం, మేము మొన్న గోల్కొండ పోయినం అని రాశానట. నాకు తెలియకుండానే కలం అట్లా తిరిగింది. అవ్వకు చదువు రాదు గానీ భాష వచ్చు. “ఆ ‘మేము’ల నేను లేనుగద గురుజీ” అన్నది.

“లేవు. ఇప్పుడైతే లేవు. మల్ల ‘మనం’ అని రాస్తడు. అది జల్ది రాదు. నువ్వు తలుపు పెట్టుకోకుండ ఉండు, చాలు” అన్నారట గురుజీ.

మన భాష ఇచ్చిన వరం ఇది. ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఈ రెండింటికీ ఒకే మాట. తెలుగులో వినేవాళ్లను కలుపుకుంటే ‘మనం’, బయట ఉంచితే ‘మేము’. మరాఠీలోనూ ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ అని రెండున్నాయి. రెండు భాషల్లో పెరిగిన ఉమ్రివాళ్లకు ఈ తేడా రెండుసార్లు ఒంటబట్టింది. బిడ్డ తల్లితో మాట్లాడుతూ ‘మనం’ అనేచోట మొదటిసారి ‘మేము’ అన్నప్పుడు లోపల ఏం జరుగుతుంది? మమత ఒకచోట తరిగి ఇంకోచోట పెరిగిందా? నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల మనసు మనల్ని వదిలి పోవడం లేదు, ఆసరాలను వరస మార్చి పెట్టుకుంటోంది. ఆ మార్పుకు ఒక క్రమం ఉంది, దానికి టైం పడుతుంది. ఆ టైం ఇవ్వలేని ఇళ్లలోనే కన్నీళ్లు.

ఆసరాకు నాలుగు పనులు

రెండో ప్రపంచ యుద్ధం తరవాత కుటుంబం లేకుండా మిగిలిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగితే ఇంగ్లండ్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ఒక నివేదిక ఇచ్చాడు. తిండి, బట్ట, పడక అన్నీ అమర్చినా, తనదనుకునే మనిషి లేకపోతే బిడ్డ వాడిపోతాడని అందులోని సారాంశం. బిడ్డ తల్లిని అంటిపెట్టుకోవడం పాల కోసమేనని అప్పటిదాకా చాలామంది పండితులు నమ్మారు. ఆకలి లాగే ఆసరా కూడా పుట్టుకతో వచ్చే అవసరమేనని బౌల్బీ వాదించాడు. 1969 నుంచి 1980 మధ్య మూడు సంపుటాల్లో దాన్ని నిలబెట్టాడు.

ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఆఫ్రికాలోని ఉగాండా వెళ్లి, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో 26 కుటుంబాల తల్లులనూ పసిపిల్లలనూ నెలల తరబడి గమనించింది. బిడ్డ తల్లి ఒళ్లోంచి దిగి కొంతదూరం పాకుతాడు. వెనక్కి తిరిగి చూస్తాడు. తల్లి అక్కడే ఉందని తెలిశాక ఇంకాస్త దూరం పోతాడు. తల్లి ఉందన్న ధీమాతోనే దూరం పోగలుగుతున్నాడు. మన వాకిళ్లలో రోజూ కనబడే దృశ్యమే. దాని విలువ కట్టడానికి ఒక మనిషి సముద్రాలు దాటి వచ్చి ఓపికగా కూర్చోవలసి వచ్చింది.

వీరి ఆలోచనను విడదీసి చూస్తే ఆసరా అయిన మనిషి మనకు నాలుగు పనులు చేస్తాడు. ఒకటి, దగ్గరుంటే బాగుండుననిపిస్తాడు. రెండు, దెబ్బ తగిలినప్పుడు పరుగెత్తి పోయి తల దాచుకునే చోటు అవుతాడు. మూడు, వెనక ఉన్నాడన్న ధైర్యంతో మనం లోకంలోకి అడుగేసే నేల అవుతాడు. నాలుగు, దూరమైతే ప్రాణం విలవిల్లాడుతుంది. పసితనంలో ఈ నాలుగూ తల్లిలోనో, తల్లిలా పెంచినవారిలోనో ఉంటాయి.

వరస ఎట్లా మారుతుంది

అమెరికాలో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు 1987లో ఒక కొత్త మాట చెప్పారు. యువతీయువకుల ప్రేమ కూడా ఇదే ఆసరాకు కొనసాగింపు అన్నారు. డెన్వర్ నగరంలోని ఒక దినపత్రికలో ప్రశ్నావళి అచ్చువేసి, వచ్చిన జవాబుల్లో మొదటి 620 తీసుకుని చూశారు. సగానికి కొంచెం పైగా జనం తాము ప్రేమించినవారి మీద నిశ్చింతగా ఆనగలమన్నారు. మిగిలినవాళ్లలో కొందరు దగ్గరితనానికి జంకేవాళ్లు, మరికొందరు వదిలేస్తారేమోనని నిత్యం దిగులుపడేవాళ్లు.

ఆ తరవాత 1994లో అచ్చయిన ఒక పరిశీలనలో హజాన్, డెబ్రా జైఫ్‌మన్ కలిసి ఆరేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా ఉన్న వందమందికి పైగా పిల్లలను, వారితోపాటు పెద్దలను కూడా ప్రశ్నలడిగారు. ఆ ప్రశ్నలు చాలా సాదావి. ఎవరితో గడపడం నీకు ఇష్టం? మనసు బాగాలేనప్పుడు ఎవరి దగ్గరికి పోతావు? ఏమైనా సరే నీకు అండగా ఉంటారని ఎవరి మీద నమ్మకం? ఎవరు దూరమైతే ఓర్చుకోలేవు?

జవాబుల్లో ఒక క్రమం బయటపడింది. మొదట కదిలేది దగ్గరుండాలన్న కోరిక. ఆరేళ్ల పిల్లలు కూడా ఆటపాటలకు తల్లిదండ్రుల కన్నా తోటిపిల్లలనే కోరుకున్నారు. తల దాచుకునే చోటు ఎనిమిదేళ్లకూ పద్నాలుగేళ్లకూ నడుమ మెల్లగా స్నేహితుల వైపు జరుగుతోంది. కాళ్ల కింద నేల మాత్రం చిట్టచివరకు కదులుతుంది. పదిహేడేళ్లు వచ్చినా చాలామందికి అది తల్లిదండ్రులే. పెద్దవాళ్లలో రెండేళ్లకు పైబడి జతగా ఉన్నవారిలోనే దాదాపుగా నాలుగు పనులూ జీవిత భాగస్వామి చేతికి వచ్చాయి. 1997లో క్రిస్ ఫ్రేలీ, కీత్ డేవిస్ కాలేజీ వయసువారి మీద చేసిన పరిశీలన కూడా దీన్ని బలపరిచింది. బంధం వయసు పెరిగేకొద్దీ, నమ్మకం, పరస్పర శ్రద్ధ పెరిగేకొద్దీ ఈ బదిలీ ముందుకు సాగుతుంది.

చోటు చాలక గోడవారగా నిలబడ్డ కాలేజీ పిల్లలారా, ఇది మీకోసం. ఆకర్షణ ఒక్క పూటలో పుడుతుంది. రోజంతా ఫోను చెవి దగ్గరే ఉంటుంది, ఆ మనిషి కనబడకపోతే అన్నం సయించదు. అది ఆ నాలుగు పనుల్లో మొదటిది మాత్రమే. జ్వరమొచ్చిన రాత్రి ఎవరు గుర్తొస్తారు? పరీక్ష తప్పితే ఆ మాట మొదట ఎవరితో చెప్పగలవు? నీ మనిషి వెనక ఉన్నందువల్ల నీకు కొత్త పని మొదలుపెట్టే ధైర్యం పెరిగిందా, లేక గడప దాటడానికే భయం పుట్టిందా? ఈ ప్రశ్నలకు జవాబు తేలడానికి నెలలు పడతాయి, ఏళ్లు పడతాయి. మొదటి మెట్టును చూసి నాలుగో మెట్టు అనుకోవద్దు. అట్లాగే, ఆర్నెల్ల స్నేహం తెగినప్పుడు అమ్మ ఒడి గుర్తొచ్చి ఏడుపొస్తే సిగ్గుపడవద్దు. ఆ నేల ఇంకా అక్కడే ఉందని మీ మనసుకు తెలుసు, అంతే.

మన ఇళ్ల సంగతి

ఆ ప్రశ్నలు అమెరికావాళ్లను అడిగినవి. అక్కడ ముందు ప్రేమ, తరవాత ఆసరా, ఆపైన ఇల్లు. మన పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో మెట్లు తలకిందులు. ముందు ఇల్లు మారుతుంది, మనసు తరవాత మారాలి. ఉమ్రి పిల్లను నిజామాబాద్‌కు ఇస్తే ఒక్క రాత్రిలో ఇల్లు, బడిలో నేర్చిన భాష, రాష్ట్రం అన్నీ మారిపోతాయి. భర్త ఎంత మంచివాడైనా మొదటి ఏడాది ఆమెకు తల దాచుకునే చోటు ఫోన్లో అమ్మ గొంతే. దాన్ని చూసి అత్తవారు ‘ఎప్పుడూ పుట్టింటి యావే’ అని విసుక్కుంటారు. మొక్కను పీకి నాటాక కొత్త వేరు పట్టేదాకా పాత మట్టి ముద్ద దానికి అంటుకునే ఉండాలి. అది రైతుకు తెలుసు. ఇంటికి రాగానే మరిచిపోతాడు.

మన ఆడవాళ్లు మాత్రం మరవలేదు. మన వైపు వడిబియ్యం పోస్తాం, మరాఠీ ఇళ్లలో ఓటీ నింపుతారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, రవికగుడ్డ బిడ్డ ఒడిలో పోసి పంపుతాం. మా ఇంట్లో అయితే బిడ్డ వెళ్లేముందు ఆ ఒడిలోంచి కొన్ని గింజలు తిరిగి పుట్టింట్లో పోసి పోవాలి. తీసుకుపోయేది ఎక్కువ, అయినా ఇక్కడి గిన్నె ఖాళీ కాకూడదు. తొలి కాన్పు పుట్టింట్లో చేసే ఆచారం కూడా ఇట్లాంటిదే. ఒంటికి అతి కష్టమైన రోజున పాత ఆసరా దగ్గరికి పంపడం, తరవాత మళ్లీ కొత్త ఇంటికి సాగనంపడం. ఆడపిల్ల మనసు మెల్లగా వరస మార్చుకోవడానికి మన ముత్తవ్వలు వేసిన మెట్లివి.

కొడుక్కి ఇట్లాంటి మెట్టు ఒక్కటీ లేదు. కొడుకు పెళ్లయ్యాక అదే ఇంట్లో, అదే గదిలో ఉంటాడు. ఏమీ మారనట్టే కనబడుతుంది. కానీ జీతం పెరిగిన వార్త మొదట భార్య చెవిన పడుతుంది. తలనొప్పి వస్తే అమ్మను కాకుండా ఆమెను పిలుస్తాడు. అప్పగింతల పాటా లేదు, ఒడి నింపడమూ లేదు, ఏడవడానికి ఒక ముహూర్తమూ లేదు. ఆ ఏడవని ఏడుపే వంటింట్లో గిన్నెల చప్పుడుగా మారుతుంది. అత్తాకోడళ్ల గొడవ అని మనం పేరుపెట్టిన దానిలో సగం, ఎవరూ అప్పగింతలు చేయించని తల్లి దుఃఖమని నా నమ్మకం. కొడుకు చేయగలిగింది ఒకటుంది. ఆలిని తక్కువ చేయకుండానే రోజుకో పది నిమిషాలు తల్లి పక్కన కూర్చోవడం. ఆమె దగ్గర ఖాళీ కాని గిన్నె అదే.

తలుపులు వేసుకున్నప్పుడు

ఇక చెప్పడానికి కష్టమైన మాట. నాతో చదివిన ఆ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాను. మా ఇద్దరి కులాలు వేరు. మా పెళ్లి సంగతి రాశాక మా నాన్న, బాపు, రెండేళ్లు నా ఉత్తరాలకు జవాబివ్వలేదు. ఆమె పుట్టింటివాళ్లు అసలు తలుపే వేసుకున్నారు. అప్పుడు మాకు ఏం జరిగిందో తరవాత చదువుకున్న శాస్త్రం వల్ల అర్థమైంది. కొత్త నేల గట్టిపడకముందే పాత నేల లాగేశారు. ఇద్దరమూ ఒకరి మీద ఒకరం నాలుగు బరువులూ ఒక్కసారే వేసుకున్నాం. చిన్న అలక వచ్చినా ఆమెకు పోవడానికి ఇంకో గడప లేదు. నాకూ లేదు. ప్రేమ పెళ్లిళ్లు నిలవవని శాపం పెట్టేవాళ్లు, వాటి కాళ్ల కింది మట్టి తీసేసింది తామేనని గమనించరు.

పిల్లల మనసు వరస మార్చుకోవడాన్ని దొంగతనమని, ద్రోహమని అనుకున్న తండ్రులు ఎంత దూరం వెళ్లారో మహారాష్ట్ర, తెలంగాణ రెండింటిలోనూ చూశాం. పరువు పేరిట నెత్తురు కూడా చిందింది. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లిని అడ్డుకునే హక్కు కుటుంబానికీ కులపెద్దలకూ లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తి వాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. చట్టం ప్రాణాన్ని కాపాడగలదు. పుట్టింటి గడపను మాత్రం ఇంట్లోవాళ్లే ఇవ్వాలి.

పిల్లలకూ ఒక హెచ్చరిక చెప్పాలి. మిమ్మల్ని ప్రేమిస్తున్నానంటూనే, అమ్మతో మాట్లాడకు, స్నేహితులను వదిలెయ్, ఫోను నాకు చూపించు అనే మనిషి మీ ఆసరా కాదు. ఆసరా అంటే మీరు దూరం పోయి రావడానికి ధైర్యమిచ్చేది. ఉగాండా పల్లెలో పాకిన బిడ్డను తలుచుకోండి. తల్లి కాలు పట్టుకుని ఆపలేదు కాబట్టే అంతదూరం పోయాడు.

మా ఇంట్లో తలుపు తెరిచింది అవ్వ. బాపు మౌనంగా ఉండగానే, ఒక రోజు ఉమ్రిలో బండెక్కి హైదరాబాద్ వచ్చింది. సంచిలో బియ్యం, పసుపు, కుడుకలు. కోడలికి అత్త ఒడి నింపడం మా ఇంట్లో ఎన్నడూ లేదు, అది పుట్టింటివాళ్ల పని. అవ్వ ఆమెను పీట మీద కూర్చోబెట్టి, “నీ తల్లిగారింటికెళ్లి వచ్చిన్ననుకో బిడ్డా” అని ఒడి నింపింది. తరవాత కొంగు పట్టి, “ఇప్పుడు నాకు కొన్ని గింజలు పొయ్యి” అన్నది. ఆ రోజు మా కాళ్ల కింద మొదటిసారి నేల తగిలింది.

గురుజీ గడప

నాలుగో పని గురించి, ఆ విలవిల గురించి పుస్తకాల కన్నా గురుజీయే ఎక్కువ నేర్పారు. ఆయన భార్యను ఊరంతా కాకు అనేవాళ్లం. కాకు పోయాక ఒకసారి ఆయన్ను చూడ్డానికి వచ్చాను. ఎవరో పిల్లవాడికి మంచి మార్కులొచ్చాయని విని ఆయన సంతోషంగా లేచి వంటింటి గడప దాకా పోయారు. అక్కడ ఆగారు. చెయ్యి ద్వారబంధం మీద వేసి కాసేపు నిలబడి, మెల్లగా తిరిగొచ్చి నాతో చెప్పారు ఆ కబురు. మొదటి కబురు పోయే చోటు ఏళ్ల తరబడి ఒకటే అయినప్పుడు, ఆ మనిషి లేకపోయినా కాళ్లు అటే పోతాయి. ఇరవై ఏళ్లవాళ్లలో మొలకెత్తే ఈ ప్రేమ ఎక్కడిదాకా ఎదుగుతుందో ఆ రోజు ఆ గడప దగ్గర చూశాను. అందుకే పిల్లల ప్రేమను చిన్నచూపు చూడటం నాకు చేతకాదు. ప్రతి ముసలి జంట మౌనానికీ మొదటి రోజు ఇట్లాంటి తత్తరపాటే.

దూరమైనా బంధం నిలుస్తుందని మన ఊరికి ముందే తెలుసు. 1956లో మన నాందేడ్ జిల్లాను రాష్ట్రాల పునర్విభజన విడదీసింది. ముధోల్, భైంసా, కుబీర్ వైపు పల్లెలు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. బిచ్కుంద, జుక్కల్ కూడా పోయాయి. ధర్మాబాద్, ఉమ్రి ఇటే ఉండిపోయాయి. నడుమ గీత పడింది. పెళ్లిళ్లు ఆగాయా? చావుకబుర్లు రావడం ఆగిందా? బాసర జాతరకు పోవడం మానేశామా? గీత గీసిన తరవాత కూడా ఎవరెవరికి ఎవరు కావాలో మనుషులు గుర్తుపెట్టుకున్నారు. ఇళ్లలోనూ అంతే జరగాలని నా కోరిక.

చివరిగా ఆ ఉత్తరాల కథతోనే ముగిస్తాను. 1983లో మా అమ్మాయికి అక్షరాభ్యాసం చేయించే ఈడు వచ్చింది. ‘అవ్వా, బాపూ, వచ్చే వసంత పంచమికి బాసరలో మనమందరం కలిసి పాపకు అక్షరాలు దిద్దిద్దాం’ అని ఇంటికి రాశాను. అది రాస్తున్నప్పుడు నాకు ఏ మాటా ప్రత్యేకంగా తోచలేదు. పండగనాడు గోదావరి ఒడ్డున అవ్వ ఆ ఉత్తరాన్ని కొంగులోంచి తీసి నా ముందు విప్పింది. చదువురాని మా అవ్వ వేలు కాగితం మీద వెతుక్కుంటూ పోయి సరిగ్గా ఒక మాట మీద ఆగింది.

“గురుజీ చూపిచ్చిండు. నాకొచ్చిన అక్షరాలు ఇవ్వే” అన్నది.

వేలి కింద ‘మనం’ ఉంది. ఏడేళ్లు తలుపు పెట్టుకోకుండా ఎదురుచూసిన తల్లికి చేరిన జవాబు అది. ఈ సభలో ఉన్న తల్లిదండ్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. మీ పిల్లలు ‘మేము’ అన్న రోజున తలుపు తీసే ఉంచండి.